స్కోప్డ్ స్టోరేజ్

స్కోప్డ్ స్టోరేజ్ అనేది ఆండ్రాయిడ్ నిర్వాహక వ్యవస్థలో, ఒకే ఉమ్మడి డైరెక్టరీని వాడుకొనే వేర్వేరు అప్లికేషన్ల ఫైళ్ళను ఒకదాని నుండి మరొకదానిని వేరుపరచి భద్రపరచే పద్ధతి. దీనిని తెలుగులో 'పరిమిత పరిధి నిల్వ' అని చెప్పవచ్చును. 2019లో విడుదలైన ఆండ్రాయిడ్ 10తో ఇది ప్రవేశపెట్టబడింది. 2020లో విడుదలైన ఆండ్రాయిడ్ 11 నుండి, ఆ సంచికకోసం తయారైన అప్లికేషన్లన్నిటికీ తప్పనిసరి అయింది. అంతకు ముందు, నిల్వను చదివే అనుమతి ఒకసారి పొందిన అప్లికేషను ఉమ్మడి నిల్వలోని ఫొటోలను, పత్రాలను, ఇతర అప్లికేషన్లు అక్కడ ఉంచిన ఫైళ్ళను అన్నిటినీ చదవగలిగేది. ఈ పద్ధతిలో అప్లికేషను తాను సృష్టించిన ఫైళ్ళను మాత్రమే స్వేచ్ఛగా వాడుకోగలదు. తక్కినవాటికి వాడుకరి అంగీకారం అవసరం.

నేపథ్యం

ఆండ్రాయిడ్‌కు ఆధారం లినక్స్ కెర్నెల్. ఒకే కంప్యూటరును పలువురు వాడుకొనేటప్పుడు ఒకరి ఫైళ్ళు మరొకరికి అందకుండా, ప్రతి వాడుకరికీ ఒక సంఖ్యను కేటాయించి, ప్రతి ఫైలుకూ దాని యజమాని సంఖ్యను జతచేయడం లినక్స్ పద్ధతి. ఆండ్రాయిడ్ రూపకర్తలు ఈ ఏర్పాటును మనుషులకు బదులుగా అప్లికేషన్లకు వర్తింపజేశారు. ఫోనులో స్థాపించిన ప్రతి అప్లికేషనుకూ ఒక ప్రత్యేక సంఖ్య, ఒక సొంత డైరెక్టరీ లభిస్తాయి. ఆ డైరెక్టరీలోనికి ఇతర అప్లికేషన్లకు ప్రవేశం లేదు.

అయితే ఫోనులోని ఫైళ్ళన్నీ ఇలా విడివిడిగా ఉంటే పని సాగదు. కెమెరా తీసిన ఫొటోను గ్యాలరీ చూపించాలి, సందేశాల అప్లికేషను పంపగలగాలి. ఇందుకోసం ఏర్పడినదే ఉమ్మడి నిల్వ. తొలినాటి ఫోన్లలో ఇది తీసి పెట్టుకోగల మెమొరీ కార్డు. కంప్యూటర్లు, కెమెరాలు అన్నీ చదవగలిగేందుకు ఈ కార్డులలో ఫ్యాట్ అనే ఫైలు వ్యవస్థ వాడేవారు. ఏ ఫైలుకు యజమాని ఎవరో వ్రాసుకొనే చోటు ఫ్యాట్ వ్యవస్థలో లేదు. కనుక అప్లికేషన్లకు వేర్వేరు సంఖ్యలు ఉన్నప్పటికీ, కార్డుపై వాటి వలన ప్రయోజనం లేకపోయింది. తరువాతి కాలంలో ఫోను లోపలి మెమొరీలోనే కొంత భాగాన్ని ఉమ్మడి నిల్వగా చూపించసాగారు. పాత అప్లికేషన్లు పనిచేయాలి కాబట్టి నియమాలు మాత్రం పాతవే కొనసాగాయి.

దీనిని ఒకే లోగిలిలోని వాటాలతో పోల్చవచ్చును. ప్రతి వాటాకూ తాళం ఉంది, కాని అందరి సామాన్లూ ఉన్న వసారాకు తాళం లేదు.

అనుమతుల క్రమ పరిణామం

* 2009 (ఆండ్రాయిడ్ 1.6): ఉమ్మడి నిల్వలో వ్రాయడానికి అనుమతి అవసరమైంది. చదవడానికి ఏ అనుమతీ అక్కరలేదు.
* 2012 (ఆండ్రాయిడ్ 4.1): చదివే అనుమతి ప్రవేశపెట్టబడింది. 2013లో వచ్చిన ఆండ్రాయిడ్ 4.4 నుండి అది అమలులోనికి వచ్చింది. అదే సంచికలో, వాడుకరి స్వయంగా ఫైలును ఎంచి అప్లికేషనుకు అందించే 'స్టోరేజ్ యాక్సెస్ ఫ్రేమ్‌వర్క్' కూడా వచ్చింది.
* 2015 (ఆండ్రాయిడ్ 6): స్థాపించే సమయంలో అన్ని అనుమతులనూ ఒక్కసారిగా ఇవ్వవలసిన పద్ధతి పోయి, వాడుతున్నప్పుడు అడిగే పద్ధతి వచ్చింది. వాడుకరికి నిరాకరించే వీలు కలిగింది.
* 2016 (ఆండ్రాయిడ్ 7): ఒక అప్లికేషను మరొకదానికి నేరుగా ఫైలు చిరునామా ఇవ్వడం నిషేధింపబడింది. నిర్దిష్టమైన ఒక్క ఫైలుకు తాత్కాలిక అనుమతి ఇచ్చే పద్ధతి దాని స్థానంలో వచ్చింది.

ఈ మార్పులన్నీ జరిగినా మూల లోపం మిగిలిపోయింది. ఒక్క ఫొటో పంపడానికి అనుమతి అడిగిన అప్లికేషనుకు వాడుకరి ఒప్పుకొంటే, దానికి ఉమ్మడి నిల్వ యావత్తూ తెరుచుకొనేది.

ఉమ్మడి డైరెక్టరీ వలన ముప్పు

ఈ ముప్పు మూడు విధాలు.

మొదటిది చదవడం. ఉమ్మడి నిల్వలో ఉన్న ఫొటోలు, గుర్తింపు కార్డుల నకళ్ళు వాటితో సంబంధం లేని అప్లికేషన్లకు అందుబాటులో ఉండేవి.

రెండవది మార్చడం. ఇది చదవడంకంటే ప్రమాదకరం. ఒక అప్లికేషను తాను దించుకొన్న ఫైలును ఉమ్మడి నిల్వలో ఉంచి, అది సరైనదే అని పరీక్షించి, ఆపై వాడుకొంటుంది. పరీక్షకూ వాడకానికీ మధ్య ఉన్న స్వల్ప వ్యవధిలో మరొక అప్లికేషను ఆ ఫైలును మార్చివేయగలదు. 2018 ఆగస్టులో చెక్ పాయింట్ సంస్థ పరిశోధకులు ఈ తరహా దాడులకు 'మ్యాన్ ఇన్ ది డిస్క్' అని పేరు పెట్టి వివరించారు. అదే నెలలో ఫోర్ట్‌నైట్ ఆటను స్థాపించే అప్లికేషనులో ఇటువంటి లోపమే ఉన్నట్లు గూగుల్ వెల్లడించింది. అది ఆట ఫైలును ఉమ్మడి నిల్వలోనికి దించుకొనేది. వ్రాసే అనుమతి గల మరొక అప్లికేషను దాని స్థానంలో వేరొక ఫైలును ఉంచగలిగేది. ఎపిక్ గేమ్స్ సంస్థ తన సవరణలో ఫైలును దించుకొనే చోటును సొంత డైరెక్టరీకి మార్చింది. పరీక్షను ఎంత కట్టుదిట్టం చేసినా, ఇతరులు వ్రాయగల చోట ఉన్న ఫైలుకు పూర్తి భద్రత ఉండదని ఈ ఉదంతం తెలుపుతున్నది.

మూడవది చెత్త పేరుకొనుట. ఏ ఫైలు ఏ అప్లికేషనుదో తెలియనందున, అప్లికేషనును తొలగించిన తరువాత కూడా దాని ఫైళ్ళు ఉమ్మడి నిల్వలో మిగిలిపోయేవి.

పనిచేసే విధానం

స్కోప్డ్ స్టోరేజ్‌లో నిల్వ నాలుగు విధాలుగా విభజింపబడింది.

* అప్లికేషను సొంత డైరెక్టరీ: అనుమతి అక్కరలేదు. ఉమ్మడి నిల్వలో ఉన్న సొంత డైరెక్టరీలోనికి కూడా ఆండ్రాయిడ్ 11 నుండి ఇతర అప్లికేషన్లు ప్రవేశించలేవు. మామూలుగా, అప్లికేషనును తొలగిస్తే ఇందులోని ఫైళ్ళు కూడా తొలగిపోతాయి.
* మీడియా సంగ్రహం: ఫొటోలు, వీడియోలు, పాటలు ఇందులో ఉంటాయి. ప్రతి ఫైలుకూ దానిని సృష్టించిన అప్లికేషను పేరు నమోదవుతుంది. తన ఫైళ్ళకు అనుమతి అక్కరలేదు. ఇతరుల ఫైళ్ళను చదవడానికి అనుమతి కావాలి. మార్చడానికి, చెరపడానికి సాధారణంగా వాడుకరిని అడిగి ఒప్పించాలి.
* పత్రాలు, ఇతర ఫైళ్ళు: వేరొక అప్లికేషను సృష్టించిన పత్రం కావలసివస్తే, వాడుకరి స్వయంగా ఆ ఫైలును గాని ఫోల్డరును గాని ఎంచి ఇవ్వాలి.
* అన్ని ఫైళ్ళ అనుమతి: ఫైల్ మేనేజర్లు, బ్యాకప్ అప్లికేషన్ల వంటివాటికోసం ఏర్పరచిన మినహాయింపు. దీనిని సెట్టింగులలో ప్రత్యేకంగా ఇవ్వాలి. ఈ అనుమతి ఉన్నా ఇతర అప్లికేషన్ల సొంత డైరెక్టరీలు తెరుచుకోవు.

ఆండ్రాయిడ్ 11లో ఉమ్మడి నిల్వకు వచ్చే అభ్యర్థనలు మీడియా ప్రొవైడర్ అనే వ్యవస్థ భాగం మీదుగా వెళ్ళే ఏర్పాటు చేశారు. అడుగుతున్న అప్లికేషను ఏది, ఫైలు ఎవరిది అన్నది అక్కడ తేలుతుంది. ఫ్యాట్ వ్యవస్థలో లేని యజమాని వివరం ఈ విధంగా భర్తీ అయింది. ఫొటోలలో నమోదైన చోటు వివరాలను కూడా, ప్రత్యేక అనుమతి లేని అప్లికేషన్లకు కనబడకుండా ఆండ్రాయిడ్ 10 నుండి తొలగించి ఇస్తున్నారు.

అమలు

2019 మార్చిలో ఆండ్రాయిడ్ 10 పరీక్షా సంచికతో ఈ పద్ధతి వెలుగులోనికి వచ్చినపుడు, ఫైలు చిరునామాలపై ఆధారపడిన అప్లికేషన్ల రూపకర్తలు అభ్యంతరం తెలిపారు. దానితో గూగుల్ ఒక సంవత్సరం గడువు ఇచ్చి, పాత పద్ధతిని కొనసాగించుకొనే ఐచ్ఛికాన్ని కల్పించింది. ఆండ్రాయిడ్ 11కోసం తయారైన అప్లికేషన్లకు ఈ ఐచ్ఛికం లేదు.

2022లో విడుదలైన ఆండ్రాయిడ్ 13లో ఫొటోలకు, వీడియోలకు, పాటలకు అనుమతులను విడదీశారు. 2023లో విడుదలైన ఆండ్రాయిడ్ 14లో, తాను ఎంచిన కొన్ని ఫొటోలను మాత్రమే అప్లికేషనుకు చూపించే వీలు వాడుకరికి కలిగింది.

ఋణ యాప్‌ల ఉదంతం

ఫోనులోని సమాచారం అపరిచితుల చేతిలో పడితే ఏమి జరుగుతుందో తెలుగు రాష్ట్రాల ప్రజలకు 2020లో తెలిసివచ్చింది. తక్షణ ఋణాలిచ్చే కొన్ని యాప్‌లు ఋణగ్రహీతల ఫోన్ల నుండి పరిచయస్థుల నంబర్లను, ఫొటోలను సేకరించాయి. బాకీ చెల్లించడం ఆలస్యమైతే ఆ నంబర్లకు ఫోన్లు చేసి, మార్పిడి చేసిన ఫొటోలు పంపి పరువు తీసే బెదిరింపులకు వసూలుదారులు పాల్పడ్డారు. వేధింపులు భరించలేక కొందరు ఆత్మహత్య చేసుకొన్నారు. 2020 డిసెంబరులో తెలంగాణ పోలీసులు ఈ కేసులలో పలువురిని అరెస్టు చేశారు. 2021 జనవరిలో భారతీయ రిజర్వు బ్యాంకు డిజిటల్ ఋణాలపై అధ్యయన బృందాన్ని నియమించింది. 2022 సెప్టెంబరు 2న విడుదలైన రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు, ఋణ యాప్‌లు ఫోనులోని ఫైళ్ళు, మీడియా, పరిచయస్థుల జాబితా, కాల్ వివరాల జోలికి పోరాదని నిర్దేశించాయి. 2023 మే 31 నుండి గూగుల్ ప్లే స్టోర్ కూడా వ్యక్తిగత ఋణ యాప్‌లు ఫొటోలు, పరిచయస్థుల నంబర్లు చదివే అనుమతులు కోరడాన్ని నిషేధించింది.

స్కోప్డ్ స్టోరేజ్ ఒక్కటే ఈ దురాగతాన్ని ఆపగలిగేది కాదు. పరిచయస్థుల నంబర్లు దీని పరిధిలోనివి కావు. ఫొటోలు చదివే అనుమతిని వాడుకరి పూర్తిగా ఇస్తే ఫొటోలకు రక్షణ ఉండదు. అవసరంలో ఉన్న మనిషి అడిగిన అనుమతులన్నీ ఇచ్చివేస్తాడు. అందువలననే సాంకేతిక ఏర్పాటుకు చట్టపరమైన నియమాల తోడు అవసరమైంది.

పరిమితులు, విమర్శలు

* ఫైల్ మేనేజర్లు, బ్యాకప్ అప్లికేషన్లకు ఇతర అప్లికేషన్ల సొంత డైరెక్టరీలు అందకపోవడం వలన, ఫోను మార్చేటప్పుడు వాటిలోని ఫైళ్ళను వాడుకరి తరలించుకోవడం కష్టమైంది.
* వాడుకరి ఎంచి ఇచ్చిన ఫోల్డరులో వేలకొద్దీ ఫైళ్ళు ఉంటే, వాటిని చూడటం నేరుగా చదవడంకంటే నెమ్మదిగా జరుగుతుంది.
* అప్లికేషనును తొలగించి తిరిగి స్థాపిస్తే, అది పూర్వం సృష్టించిన ఫొటోలపై కూడా యాజమాన్యాన్ని కోల్పోతుంది.
* సొంత డైరెక్టరీలో దాచిన పత్రాలు అప్లికేషనుతోపాటే పోతాయి. ఈ విషయం తెలియని వాడుకరులు ముఖ్యమైన పత్రాలను కోల్పోయే అవకాశం కలదు.

ఇతర వ్యవస్థలలో

ఆపిల్ ఐఫోనులో, 2008లో యాప్ స్టోర్ మొదలైనప్పటి నుండీ ప్రతి అప్లికేషనుకూ విడి డైరెక్టరీ మాత్రమే ఉండేది. ఉమ్మడి డైరెక్టరీ లేదు. 2014లో వచ్చిన ఐఓఎస్ 8లో, ఒకే సంస్థ అప్లికేషన్లు తమలో తాము పంచుకొనే డైరెక్టరీకి వీలు కల్పించారు. ఆండ్రాయిడ్ తెరిచి ఉంచిన నిల్వను క్రమంగా మూసుకొంటూ రాగా, ఐఓఎస్ మూసి ఉంచినదానిని క్రమంగా తెరుచుకొంటూ వచ్చింది. ఫైలు ఎవరిదో వ్యవస్థకు తెలియాలి, దానిని పంచుకొనేది వాడుకరి ఎంపికతో కావాలి అన్న సూత్రం వద్ద ఈ రెండూ దగ్గరకు వచ్చాయి.

ఇవి కూడా చూడండి

* ఆండ్రాయిడ్
* లినక్స్
* మెమొరీ కార్డు
* ఫైలు వ్యవస్థ