బందరు అద్దకములోని చెట్టు

బందరు అద్దకమనగానే మనకు మనసులో మెదిలేది కొమ్మలు చాచి నిండుగా పూసిన చెట్టు. అది తాతలనాటిదని, అచ్చముగా మనదేనని అనుకుంటాము. నిజము ఇంత సూటిగా లేదు.

ఇంగ్లీషు కంపెనీవారు మచిలీపట్నములో వర్తకస్థానము పెట్టినది 1611లో. ఆ దినములలో మన అద్దకము బట్టలు తూర్పు దీవులకు వెళ్ళి సుగంధద్రవ్యములకు మారకమయ్యేవి. తరువాత లండనులో గిరాకీ కుదిరింది. 1643లో కంపెనీ డైరెక్టర్లు సూరతుకు జాబు వ్రాస్తూ, ముదురెరుపు మీద వేసిన దుప్పట్లు తమవారికి అంతగా నచ్చుట లేదనీ, తెలుపు ఎక్కువగా ఉంచి దానిమీద పూలు, కొమ్మలు వేయించమనీ కోరారు. మన తీరానికి కూడా విలాయతీ మాదిరులు వచ్చేవి. ఆ చెట్టులో పారశీకపు కొమ్మ ఉన్నది, చీనా రాయి ఉన్నది, ఇంగ్లీషువారి సరదా ఉన్నది.

మరి మనదేది? చేయి మనది. కరక్కాయ, పాలు కలిపి బట్టను తడపడము, పటికతో గీసి చిరివేరుతో ఎరుపు తేల్చడము, ఉతికినా రంగు చెదరకుండా నిలపడము. ఇది అక్కడివారికి చాలాకాలము అంతుపట్టలేదు.

సరకు మరీ ఎక్కువగా వచ్చేసరికి అక్కడి నేతగాండ్రు గోల చేశారు. 1700లో ఒక చట్టము, 1721లో మరొకటి చేసి ఈ బట్టలను తమ దేశములో వాడరాదన్నారు. 1783లో థామస్ బెల్ రోలరు అచ్చుకు పేటెంటు పొందాడు. ఆపైన మిల్లుబట్ట మన సంతలకే వచ్చింది!

ఆ పాత దుప్పట్లు కొన్ని లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో భద్రముగా ఉన్నాయి. చాలావాటికి కోరమాండల్ తీరమని మాత్రమే వ్రాసి ఉన్నది. వేసినవారి పేరు లేదు.