అరుపు తెలుగులో, అర్జీ కన్నడలో

చింతామణి మార్కెట్లో టమాటా రైతు దళారితో తెలుగులో పోట్లాడతాడు. అదే రైతు తాలూకాఫీసులో పొలం పహణి కావాలంటే కన్నడంలో అర్జీ రాయించుకుంటాడు. బాగేపల్లి పక్క పల్లెల్లో బడి కన్నడం, ఇల్లు తెలుగు. 2007లో కోలారు నుంచి విడిపడి చిక్కబళ్లాపురం జిల్లా అయిన ఈ నేలలో పౌరవిద్యకు మొదటి అర్థం చాలా చిన్నది: నోట్లో ఉన్న మాటను కాగితం మీదికి ఎక్కించడం. ఇక్కడి కుర్రకారుకు ఆ విద్య ఎవరు నేర్పారని వెనక్కి తిరిగి చూస్తే, బడికంటే ముందు వేరే చోట్లు కనబడతాయి.

మైసూరు సంస్థానంలో దివాను రంగాచార్లు 1881లో ప్రజాప్రతినిధి సభ పెట్టాడు. 144 మంది సభ్యులు దసరా రోజుల్లో మైసూరుకు పోయి దివాను చెప్పింది విని, తమ ఊళ్ల కష్టాలు విన్నవించుకుని తిరిగొచ్చేవారు. 1891లో ఎన్నికలు వచ్చాయి గాని, ఓటు మాత్రం ఎక్కువగా ఆస్తి ఉన్నవాడికే. పటేలూ శానుభోగూ (కరణం) ఏలే పల్లెలో కూలివాడి కొడుక్కి ఆ సభ పేరు వినే సందర్భమే ఉండేది కాదు. ఈ జిల్లాలోని ముద్దేనహళ్లిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య దివానుగా ఉండగా 1913లో ప్రాథమిక విద్య చట్టం, 1916లో మైసూరు విశ్వవిద్యాలయం వచ్చాయి. ఆయన పూర్వీకుల ఊరు ఆంధ్ర వైపు మోక్షగుండం కాబట్టి మనమంతా ఆయనను మనవాడంటాం. అది నిజమే. కానీ చదువూ పరిశ్రమా వస్తే మిగతావి వాటంతటవే వస్తాయన్నది ఆయన లెక్క. జనం చేతికి పెత్తనం ఎప్పుడన్న ప్రశ్న అందులో వెనకబడింది.

ఆ ప్రశ్న 1938లో జాతరలోకి వచ్చింది. గౌరీబిదనూరు తాలూకా విదురాశ్వత్థం ఒకప్పటి పెద్ద రావిచెట్టుకూ నాగశిలలకూ పేరున్న చోటు. సరిహద్దు దాటితే హిందూపురం. అక్కడ మద్రాసు రాష్ట్రంలో 1937 నుంచి కాంగ్రెసు మంత్రివర్గమే ఉంది, మూడురంగుల జెండాకు అడ్డు లేదు. ఇవతల మైసూరులో అదే జెండా ఎత్తితే నేరం. కొద్ది మైళ్ల తేడాలో ఒకే భాష మాట్లాడే మనుషులకు రెండు రకాల పౌరసత్వాలన్నమాట. రాజ్యాంగ పాఠానికి ఇంతకంటే మంచి నల్లబల్ల దొరకదు. ఏప్రిల్ 25న నిషేధం ధిక్కరించి గుమిగూడిన జనం మీద పోలీసులు కాల్పులు జరిపారు. మృతుల సంఖ్యలో సర్కారు లెక్క వేరు, జనం లెక్క వేరు. ముప్పై మందికి పైగానే అన్నది జనం మాట. గాంధీజీ పంపగా సర్దార్ పటేల్, ఆచార్య కృపలానీ వచ్చి దివాను మీర్జా ఇస్మాయిల్‌తో మాట్లాడారు. సంస్థానం జెండా పక్కన కాంగ్రెసు జెండా ఎగరేసే ఒప్పందం కుదిరింది.

దానికి మూడేళ్ల ముందు అదే తాలూకా హోసూరు నుంచి ఒక పేదింటి కుర్రాడు, బస్సు చార్జీకి డబ్బుల్లేక, చదువు కోసం బెంగళూరుకు నడిచి పోయాడు. 1920లో పుట్టిన ఆ హెచ్. నరసింహయ్య క్విట్ ఇండియాలో జైలుకు పోయాడు, భౌతికశాస్త్రం చదివాడు, బెంగళూరు విశ్వవిద్యాలయానికి ఉపకులపతి అయ్యాడు. ఆ పదవిలో ఉండగానే 1976లో మహిమల మీద విచారణకు సంఘం వేసి పెద్ద పెద్దవాళ్లను ఇరుకున పెట్టాడు. ఉండడం మాత్రం విద్యార్థి హాస్టల్లోనే, దశాబ్దాలపాటు. గౌరీబిదనూరులోనూ బాగేపల్లిలోనూ నేషనల్ కాలేజీలు రావడం వెనక ఆయనే ఉన్నాడు. నన్నడిగితే ఈ పక్క ప్రజాస్వామ్యానికి ఆయన చేసిన మేలు ఆ కాలేజీ భవనాలకంటే పెద్దది: పెద్దాయన చెప్పాడు కదా అని నమ్మేయకుండా ఎందుకని అడగడం మర్యాదలోకే వస్తుందని పల్లె పిల్లలకు చూపించడం.

అడగడం నేర్చినా లెక్క రాయడం రాకపోతే ఎదుటివాడు మాయ చేస్తాడు. ఆ రెండో సగాన్ని పూరించింది కూలి సంఘం. 1970ల చివర అడాట్స్ అనే సంస్థ బాగేపల్లిలో మొదలై, కూలీలనూ చిన్న రైతులనూ కులం పేరుతో కాకుండా కూలీ అన్న పేరుతో ఒకచోట కూర్చోబెట్టింది. తర్వాత చిక్కబళ్లాపురం, చింతామణి తాలూకాలకూ పాకింది. ఊరి సంఘం, దానిపైన కొన్ని ఊళ్ల గుంపు, ఆపైన తాలూకా. ఆడవాళ్లకు వేరే సమావేశం. సభ్యులు తమ సంపాదనలోంచే సంఘానికి కట్టేవారు. సొంత డబ్బు పెట్టినవాడు లెక్క అడగకుండా ఊరుకోడు గదా. అప్పు ఎవరికివ్వాలో ఊరి సంఘమే తేల్చేది. వేలిముద్రల సభలో పుస్తకం రాయాల్సింది నాలుగు ముక్కలు చదువుకున్న కుర్రాడే. ఎవరేమన్నారో రాయడం, రాసింది చదివి వినిపించడం, తప్పు రాశావని ఒక ముసలావిడ గద్దిస్తే దిద్దడం! నాయకత్వ శిక్షణ అని బోర్డు పెట్టిన తరగతిలో ఇంతటి పాఠం దొరుకుతుందా? 2005లో ఈ సంఘం ఇళ్లలో 5,500 గోబర్ గ్యాస్ పొయ్యిల పథకం ఐక్యరాజ్యసమితి కార్బన్ ఖాతాలో నమోదైంది. పేడతో మొదలైన లెక్క అంతదాకా పోయింది.

బాగేపల్లిలో ఎర్రజెండా బడి కూడా ఒకటుంది. ఈ నియోజకవర్గం 1983లో ఎ.వి. అప్పస్వామి రెడ్డిని, 1994లోనూ 2004లోనూ జి.వి. శ్రీరామరెడ్డిని సీపీఎం తరఫున శాసనసభకు పంపింది. కర్ణాటకలో ఇది అరుదు.

ప్రభుత్వం కూడా ఒకసారి గట్టిగానే తలుపు తీసింది. బోర్లు వేయించి నీర్ సాబ్ అనిపించుకున్న మంత్రి అబ్దుల్ నజీర్ సాబ్ తెచ్చిన చట్టం కింద 1987లో మండల పంచాయితీలకు ఎన్నికలు జరిగాయి. నాలుగో వంతు సీట్లు ఆడవాళ్లవి. 1989లో ఓటు వయసు 21 నుంచి 18కి దిగింది.

ఈ మెట్లలో చాలావరకు ఎక్కిన తర్వాత 2000 మార్చి 11న చింతామణి తాలూకా కంబాలపల్లిలో ఏడుగురు దళితులను సజీవంగా కాల్చేశారు. సాక్షులు మాట మార్చారు. 2006లో నిందితులందరినీ కోర్టు వదిలేసింది, 2014లో హైకోర్టు దాన్నే ఖాయం చేసింది. ఓటెయ్యడం, అర్జీ రాయడం, లెక్క అడగడం మన వాళ్లకు వచ్చాయి. ఊరి పెద్దల ముందు బోనెక్కి చూసింది చూసినట్టు చెప్పే ధైర్యం ఏ శిక్షణలోనూ లేదు, దాన్నిచ్చే రక్షణ ఏ ఊళ్లోనూ లేదు.

ఇప్పుడు పంచాయితీల్లో మక్కళ గ్రామసభలు పెడుతున్నారు. పిల్లలు లేచి నిలబడి మరుగుదొడ్డి గురించో బస్సు గురించో అడుగుతారు. తడబడితే తెలుగులోకి జారుతారు, కార్యదర్శి కన్నడంలో రాసుకుంటాడు. బడుల్లో శాలా సంసత్తులు, అంటే బడి పార్లమెంట్లు ఉన్నాయి, మంత్రులు ప్రమాణం చేస్తారు, ఫోటోలు దిగుతారు. పైన పరిస్థితి చూడండి: తాలూకా, జిల్లా పంచాయితీలకు చివరి ఎన్నిక 2016లో. గడువు 2021లో తీరిపోయింది. తర్వాత ఏళ్లకేళ్లు అధికారుల పాలనే. 2016లో పదేళ్లున్న పిల్లకు 2024లో ఓటొచ్చింది. ఆ ఏడు ఆ అమ్మాయి లోక్‌సభకు ఓటెయ్యగలిగింది. తన తాలూకా పంచాయితీకి మాత్రం ఓటెయ్యడానికి ఎన్నికే రాలేదు.