చల్లని అంకణం ఎవరిది?

పోయిన ఎండాకాలం నాకు బీపీ ఎక్కువైతే డాక్టరమ్మ మాత్రలు రాసిచ్చి, చివర్లో ఇంకో మాట అంది. "రోజూ ఒక అరగంట ఎవరూ కదిలించని చోట ఊరికే కూర్చోండమ్మా." సరేనని కొత్తచెరువుకు బస్సెక్కి ఇంటికొచ్చి, చెప్పులు విప్పుతూనే వెతికాను. ఆ చోటు ఎక్కడుంది? పడసాలలో టీవీ, దాని ముందు మా ఆయన. పడకగదిలో పిల్లోడి పుస్తకాలు, ఉతికిన బట్టల కుప్ప. దేవుడి గదిలో కాళ్ళు చాపుకోలేం కదా. ఇక మిగిలింది వంటిల్లు. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళయింది, ఈ ఇంట్లో నేను ఊరికే కూర్చునే చోటంటూ ఒకటి లేదని ఆ రోజు తెలిసింది.

ఇంటి లోపలి అలంకరణ వీడియోలు చాలా చూశాను. మెత్తలు, సాంబ్రాణి కడ్డీలు, గుడ్డి దీపాలు, మూలకో మొక్క. బాగానే ఉంటాయి. కానీ మా ఊళ్ళో ఏడాదికి పడే వాన అయిదొందల యాభై మిల్లీమీటర్ల లెక్క, అదీ పడితే. ఏప్రిల్ మధ్యాహ్నం స్లాబు కింద సాంబ్రాణి వెలిగించుకుని కూర్చుంటే ప్రశాంతత రాదు, చెమట వస్తుంది. ఇక్కడ ప్రశాంతత అంటే ముందు చల్లదనం. ఆ చల్లదనం మా పాత మిద్దెలో ఉండేది. అందుకే నా వెతుకులాట వీడియోలు వదిలి మా అత్త దగ్గరికి మళ్ళింది.

కోస్తా వాళ్ళకు పెంకుటిళ్ళు, మండువాలు. మాకు మిద్దెలు. మిద్దెంటే ఇప్పుడందరూ మేడ అనుకుంటారు గానీ, మా వైపు మిద్దె అంటే మట్టి కప్పిన చదును పైకప్పు ఇల్లు. రాయీ బురదా పెట్టి రెండడుగుల మందాన గోడ. లోపల రాతి స్తంభాలో కొయ్య స్తంభాలో, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, వాటి మీద బండలో కట్టెలో పరిచి, పైన మందంగా మన్ను, అన్నిటికీ మీద చౌడు మన్ను. పంట పండని చౌడు నేలను రైతు తిట్టుకుంటాడు, ఇల్లాలు మాత్రం దాన్ని బండ్ల మీద తోలించుకుంటుంది. ఆ మన్ను తడిస్తే బిగిసి నీళ్ళను కిందికి దిగనివ్వదు. ఏటా వానల ముందు మళ్ళీ కొత్త చౌడు వేసేవాళ్ళు. రెండు స్తంభాల వరసల మధ్య చోటు ఒక అంకణం. ఇల్లెంతంటే ఎన్ని గజాలని ఎవరూ చెప్పేవాళ్ళు కాదు, ఎన్ని అంకణాలో చెప్పేవాళ్ళు.

నడిమింట్లో పైకప్పుకు గవాచి ఉండేది. గవాక్షమన్న మాట మా నోళ్ళలో గవాచి అయింది. కిటికీలు తక్కువ కాబట్టి వెలుతురూ గాలీ దాంట్లోంచే, పొయ్యి పొగ పోయేదీ దాంట్లోంచే. వాన వస్తే ఎవరో ఒకరు మిద్దెక్కి బండ మూసి రావాలి. ఎండ వెలుగు నేల మీద ఎక్కడ పడిందో చూసి మా అత్త టైము చెప్పేది. గడియారం అరగంట తప్పినా ఆమె తప్పేది కాదు.

అంత మందం గోడ, అంత మన్ను ఉంటే ఎండ లోపలికి రావడానికి చాలా గంటలు పడుతుంది. మధ్యాహ్నం ఇల్లు చల్లగానే ఉంటుంది, రాత్రికి గోడలు వేడి వదులుతాయి. అప్పటికి మనం మిద్దె మీద చాపలేసుకుని పడుకుని ఉంటాం. ఎవరు కనిపెట్టారో గానీ లెక్క మాత్రం బాగా వేశారు.

మరి ఆ చల్లని నడిమింట్లో మధ్యాహ్నం పూట ఎవరుండేవాళ్ళు? ఇదే నేను అత్తను అడిగింది. ఆమె నవ్వి, "మూటలుండేవి మ్మే" అంది.

నిజమే. వేరుశనగ మా జిల్లాను కమ్ముకున్నాక నడిమిల్లు విత్తనపు చెనక్కాయల మూటలదయింది. ధర్మవరం వైపు సాలె ఇళ్ళకు పోతే నడిమింట్లో మగ్గం గుంట ఉంటుంది. ఆ గుంట తేమకు పట్టుపోగు తెగదు కాబట్టి మంచి చోటు మగ్గానిదే. మల్బరీ తోటలున్న ఇళ్ళలోనైతే ఇంకా విచిత్రం. పట్టుపురుగుకు ఇరవై అయిదు డిగ్రీల దగ్గర వేడి ఉండాలి, గాలిలో తేమ ఉండాలి, చప్పుడూ ఘాటు వాసనా ఉండకూడదు. గోనెపట్టాలు తడిపి కిటికీలకు కట్టి, ఆకు తరిగి వేసి, మూడు నాలుగు వారాలు వాటిని పసిబిడ్డల్లా సాకే ఆడవాళ్ళు తాము మాత్రం రేకుల పంచలో పడుకునేవాళ్ళు. నాకిది తలుచుకుంటే నవ్వూ వస్తుంది, కోపమూ వస్తుంది. ప్రశాంతమైన గదిని ఎలా తయారుచేయాలో మా ఆడవాళ్ళకు తెలియక కాదు. పురుగు కోసం చేశారు, తమ కోసం చేసుకోలేదు.

ఇంటి ముందు అరుగు మగవాళ్ళది. ఉదయం పంచాయతీ, సాయంత్రం పులిజూదం. కోడలు ఆ అరుగు మీద కూర్చోవడం అటుంచి, ఊడ్చి వెంటనే లోపలికి రావాలి.

రాజుల ఇళ్ళ సంగతి వేరు. 1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత విజయనగర రాజధాని మా పక్కనున్న పెనుకొండకే వచ్చింది. అక్కడి గగన్ మహల్‌ను రాజుల వేసవి విడిది అంటారు. అంతకు ముందే, 1520 ప్రాంతంలో హంపీ చూసిన పోర్చుగీసు వాడు డొమింగో పేస్, రాజుగారి మహల్లో గొలుసులకు వేలాడదీసిన మంచాన్నీ, దంతంతో చేసిన గదినీ చూశానని రాసిపెట్టాడు. మన ఉయ్యాల బల్లకు పెద్దక్క అన్నమాట. కానీ రాణివాసపు ఆడవాళ్ళు ఆ గదుల్లో ఎంత నిశ్చింతగా ఉన్నారో ఆయన రాయలేడు, వాళ్ళను చూసే వీలే ఆయనకు లేదు కదా.

మామూలు ఇంట్లో ఆడమనిషికి ఇల్లు ఇచ్చిన విశ్రాంతి చోట్లు రెండే. ఒకటి పురిటి మూల. వేపమండలు కట్టిన వాకిలి, నులక మంచం, పక్కన కుంపటి. రెండోది నెలకు మూడు రోజులు. మా అత్త ఆ మూడు రోజులూ పంచలో గోడవార చాప మీద ఉండేది. వంట లేదు, నీళ్ళు మోయడం లేదు. "అప్పుడే గదా నేను నిద్రబోయింది" అని ఆమె మామూలుగా అన్న మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. ఆచారం మంచిదని నేను అనను. మడకశిర వైపు కొన్ని గొల్లహట్టుల్లో ఆ రోజుల్లో ఆడపిల్లల్ని ఊరి బయట గుడిసెల్లో ఉంచేవాళ్ళు, బాలింతను పసిబిడ్డతో సహా. పాముకూ చలికీ భయపడుతూ పడుకునే చోటును విశ్రాంతి అని ఎవరంటారు? అయినా మా అత్త మాట అబద్ధం కాదు. అంటు పేరుతో తప్ప మామూలు రోజున ఆమెకు కాసేపు పడుకునే హక్కు లేదు.

1928లో డాక్టర్ కేసరిగారు మద్రాసులో గృహలక్ష్మి పత్రిక మొదలుపెట్టారు. ఆ మరుసటి ఏడే, 1929లో, ఇంగ్లండులో వర్జీనియా వుల్ఫ్ ఆడది రాయాలంటే కొంత డబ్బు, తనదంటూ ఒక గది కావాలని పుస్తకమే రాసింది. మా ఊరి ఆడవాళ్ళకు ఆ పత్రికా చేరలేదు, ఆ పుస్తకమూ చేరలేదు. ఇప్పుడు ఇళ్ళ పట్టాలు మన పేరు మీదే వస్తున్నాయి. 2020 డిసెంబరులో రాష్ట్రమంతా పంచిన స్థలాలు కూడా ఆడవాళ్ళ పేరునే ఇచ్చారు. పట్టా మన బీరువాలో ఉంటుంది. ఇంట్లో మన చోటు ఏదంటే మళ్ళీ పొయ్యి దగ్గరే.

మా పాత మిద్దెను పడగొట్టి స్లాబు వేసినప్పుడు వెనకవైపు రెండు అంకణాలు మాత్రం డబ్బు చాలక అలాగే మిగిలాయి. అంతా కట్టాక పడేద్దాం అన్నారు. గవాచి ఉన్నది ఆ భాగంలోనే. డాక్టరమ్మ మాట అయ్యాక నేను మా ఆయనతో, అది పడగొట్టొద్దు అన్నాను. "ఆ మట్టి కొంపలో ఏముంది, బైకు పెట్టుకోడానికైనా పనికొస్తుంది" అన్నాడు. వారం మాటల్లేవు. చివరికి మా అత్తే, "ఉండనీ రా, నేను కాపరానికి వచ్చిన ఇల్లు" అంది. దాంతో ఆయన నోరు మూసుకున్నాడు.

పని పెద్దదేమీ కాదు. పాత సామాను మూడు రోజులు మోశాం. గోడకు సున్నం కొట్టించాను. చౌడు తోలే బండ్లు ఇప్పుడు లేవు, ట్రాక్టరు మాట్లాడి ఒక లోడు తెప్పించాం. దాన్ని ఎలా తడిపి ఎలా తొక్కాలో అత్త కింద నిలబడి అరిచి చెప్పింది. గవాచికి బండ బదులు అద్దం పలక, పక్కన గాలికి సందు. నేలన నల్ల బండలు అలాగే ఉంచాను, తడిబట్ట పెట్టి తుడిస్తే చాలు. ఒక నులక మంచం, ఒక చాప, నీళ్ళ కుండ, గూట్లో దీపం. కిటికీకి గోనెపట్టా, మధ్యాహ్నం తడిపి కడతాను. పట్టుపురుగుల గదిలో నేర్చిన విద్యే.

కష్టమంతా ఆ తర్వాత. ఖాళీగా ఉన్న చోటును ఇల్లు చూస్తూ ఊరుకోదు. మొదటి నెలలోనే ఉల్లిగడ్డల బస్తా వచ్చింది. తర్వాత పిల్లోడి పాత సైకిలు. తర్వాత ఎవరిదో పెళ్ళి సామాను, రెండు రోజులే అంటూ. వచ్చిన ప్రతిదాన్నీ నేనే బయటికి మోశాను. చుట్టుపక్కల వాళ్ళు, "ఏం మ్మా, కోపమొస్తే పోయి పడుకునే గదంట కదా" అని నవ్వారు. అదీ నిజమే, కైక కోపగృహం తర్వాత మనకు పేరున్న గది ఇదే కాబోలు.

మా అత్త చాలా రోజులు లోపలికి రాలేదు. గడప దగ్గర నిలబడి, "ఊరికే కూచుంటే ఇల్లెవరు చూస్తారు" అనేది. మోకాళ్ళ నొప్పులతో పంచలోనే, ఆ పాత గోడవారే కూర్చునేది. నేను బలవంతం చేయలేదు. మొన్న మే నెలలో, కరెంటు పోయిన మధ్యాహ్నం, స్లాబు కింద ఎవరూ నిలవలేకపోయారు. నేను చాప మీద నడుం వాల్చి ఉన్నాను. ఆమె మెల్లగా వచ్చి నులక మంచం మీద కూర్చుంది, కాసేపటికి పడుకుంది. పాలవాడు వచ్చే వేళయిందేమోనని నేను లేవబోయాను.

ఆమె కళ్ళు తెరిచి నేల మీద వెలుగు ఎక్కడుందో చూసింది. "ఇంకా మూడు గాలేదు. పడుకో మ్మే" అని అటు తిరిగి పడుకుంది.