ఇద్దరు బేరగాళ్లు ఒక్కటైన రోజు

1932. కువైట్‌లో ముత్యాల వ్యాపారం చితికిపోయింది. జపాన్‌లో పెంచిన ముత్యాలు చవగ్గా మార్కెట్లోకి వచ్చాయి. దానికితోడు ప్రపంచమంతా మాంద్యం. ఎడారి వైపు వర్తకాన్ని పొరుగున ఉన్న సౌదీ రాజు ఇబ్న్ సౌద్ కట్టడి చేసి ఏళ్లు గడిచాయి. పాలకుడు షేక్ అహ్మద్ అల్ జాబర్ ఖజానాకు ఆదాయం అత్యవసరం. సరిగ్గా ఆ ఏడాదే పక్కనున్న బహ్రెయిన్‌లో చమురు పడింది.

కువైట్ చమురు కోసం షేక్ దగ్గరికి ఇద్దరు తిరుగుతున్నారు. ఒకరు న్యూజిలాండ్‌కు చెందిన మేజర్ ఫ్రాంక్ హోమ్స్. అరబ్బులు ఆయన్ని 'అబూ నఫ్త్', అంటే చమురు తండ్రి, అని పిలిచేవారు. ఆయన అమెరికాలోని గల్ఫ్ ఆయిల్ మనిషి. రెండో వ్యక్తి ఆర్చిబాల్డ్ చిజమ్. బ్రిటిష్ ప్రభుత్వానికే పెద్ద వాటా ఉన్న ఆంగ్లో పర్షియన్ కంపెనీ ఆయన్ని పంపింది. షేక్ ఇద్దరి మాటా వింటాడు, ఎవరికీ మాటివ్వడు. ఒకరి ప్రతిపాదన చేతిలో ఉండగా రెండోవారి ప్రతిపాదన కోసం ఆగుతాడు. చిన్న రాజ్యపు పాలకుడికి అంత పెద్ద కంపెనీల ముందు ఉన్న బలమల్లా అదొక్కటే.

1933 డిసెంబర్‌లో ఆ బలానికి గండి పడింది. రెండు కంపెనీలూ చేతులు కలిపాయి. 1934 ఫిబ్రవరి 2న చెరిసగం వాటాతో కువైట్ ఆయిల్ కంపెనీ పుట్టింది. నిన్నటిదాకా పోటీపడిన హోమ్స్, చిజమ్ ఇప్పుడు ఒకే ప్రతిపాదన పట్టుకుని వచ్చారు.

షేక్ తేలిగ్గా లొంగలేదు. బేరం ఏడాదంతా సాగింది. చివరికి 1934 డిసెంబర్ 23న సంతకాలయ్యాయి. గడువు 75 ఏళ్లు. సంతకం చేసినందుకు 4,75,000 రూపాయలు, చమురు తీస్తే టన్నుకు 3 రూపాయలు. అవును, రూపాయలే. అప్పట్లో కువైట్‌లో చెలామణి అయ్యేది మన రూపాయే.

నన్ను కలవరపెట్టేది ఆ అంకెలు కాదు. రెండు కంపెనీలు తమలో తాము రాసుకున్న షరతులు. కువైట్ చమురుతో ఒకరి మార్కెట్‌ను ఇంకొకరు దెబ్బతీయకూడదన్నారు. గల్ఫ్ ఆయిల్‌కు కావలసిన సరుకును, ఇద్దరికీ అనుకూలమైతే, కువైట్‌లో తియ్యకుండా పర్షియా నుంచో ఇరాక్ నుంచో ఇచ్చే వీలు పెట్టుకున్నారు. అంటే కువైట్ చమురు భూమిలోనే ఉండిపోయినా వాళ్లకు నష్టం లేదు. నష్టమంతా టన్నుకింతని తీసుకోవలసిన షేక్‌కే. చమురు కొనుక్కునేవాడికి మాత్రం లాభమేముంది? పోటీకి రావలసిన సరుకు రాకుండా ఆపే దారి కాగితం మీద సిద్ధంగా ఉంది.

1938లో బుర్గాన్‌లో చమురు పడింది. యుద్ధం అడ్డొచ్చి, మొదటి ఎగుమతి 1946 జూన్ 30న జరిగింది. ఆ తర్వాత కంపెనీ కట్టుకున్న ఊరే అహ్మది. షేక్ పేరే దానికి పెట్టారు. కంపెనీల మధ్య ఆ షరతులను 1952లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తన నివేదికలో బయటపెట్టింది. ఒప్పందం రాసుకున్న పద్దెనిమిదేళ్లకు!

ఇదే కమిషన్ 2021 డిసెంబర్‌లో మరో బేరానికి అడ్డం నిలిచింది. ఈసారి సరుకు కంప్యూటర్ చిప్. ఆర్మ్ కంపెనీని సాఫ్ట్‌బ్యాంక్ నుంచి 4,000 కోట్ల డాలర్లకు కొంటామని 2020 సెప్టెంబర్‌లో ఎన్విడియా ప్రకటించింది. ఆర్మ్ ప్రధాన వ్యాపారం చిప్పుల నమూనాలు గీసి, లైసెన్సు రుసుము తీసుకుని అందరికీ ఇవ్వడం. అహ్మదిలో పని ముగించుకున్న రాయచోటి మనిషి రాత్రి ఇంటికి వీడియో కాల్ చేసే ఫోన్‌లోనూ దాదాపు తప్పకుండా ఆ నమూనాయే ఉంటుంది. లైసెన్సు తీసుకునేవాళ్లలో ఎన్విడియా ఒకటి, మిగతావాళ్లలో పలువురు దాని పోటీదార్లు. అందరికీ నమూనాలిచ్చే ఇల్లు ఒక పోటీదారు చేతికి వెళ్తే, మిగతావాళ్ల రహస్యాలు అతనికి తెలుస్తాయి, కొత్త నమూనా వాళ్లకు ఆలస్యంగా అందవచ్చు. కమిషన్ భయం అదే. లైసెన్సుల పద్ధతి మార్చబోమని ఎన్విడియా చెప్పింది. ఆ మాట చిత్తశుద్ధితోనే అన్నారనుకుందాం. కానీ లాభం ఒకవైపు లాగుతున్నప్పుడు మాట ఎన్నేళ్లు నిలబడుతుంది? ఆ పూచీ వినియోగదారుడికి ఎవరిస్తారు? ఫోన్ కొనేవాడికి ధర పెరిగితే కనిపిస్తుంది. అసలు తయారు కాకుండా పోయిన మెరుగైన చిప్ ఎప్పటికీ కనిపించదు.

2022 ఫిబ్రవరి 8న ఆ బేరం రద్దయింది. అదే నెల 14న ఏఎండీ, జైలింక్స్ విలీనం మాత్రం పూర్తయింది. హైదరాబాద్‌లో అప్పటికి రెండింటికీ ఇంజనీర్లుండేవారు. అవి ప్రధానంగా వేర్వేరు రకాల చిప్పులు చేసే కంపెనీలు, ముందు ఇంటెల్ లాంటి పెద్ద పోటీదారు ఉంది. కాబట్టి ప్రతి విలీనాన్నీ అనుమానించమని నేననను. కలవకముందే, వాటి దగ్గర కొనేవాళ్లను, వాటికి అమ్మేవాళ్లను పిలిచి అడగాలంటాను. 1933లో షేక్ అహ్మద్‌ను అలా ఎవరూ అడగలేదు. కువైట్ ఆ కంపెనీని పూర్తిగా తన చేతికి తెచ్చుకోవడానికి 1975 దాకా పట్టింది.