మైక్రోఫోను పరిణామము

పలికిన మాట పలికినతోడనే నశించును. దానిని నిలుపు సాధనములలో మైక్రోఫోను ముఖ్యము. 1925 నకు ముందు గ్రామఫోను పలకలకై పాడువారు లోహపు బూరయెదుట నిలిచి బిగ్గఱగాఁ బాడవలసి యుండెను. 1916 లో అమెరికా దేశీయుఁడగు వెంటె కండెన్సరు మైక్రోఫోనును నిర్మించెను. 1925 లో విద్యుద్ధ్వనిలేఖనము వాడుకలోనికి రాఁగా మెల్లని స్వరమును ముద్రితమయ్యెను. 1962 లో బెల్ ప్రయోగశాలయందు సెస్లరు, వెస్టు అనువారు శాశ్వతవిద్యుదావేశము గల ఎలక్ట్రెట్ పొరతో మైక్రోఫోనును గల్పించిరి. దానివలన యంత్రము చిన్నదై, చౌకయై, తరువాతఁ గంప్యూటరుకడకు వచ్చెను.

సున్నితమగు యంత్రమే సర్వత్ర మేలని కొందఱి మతము. అది విచారణీయము. కండెన్సరు సూక్ష్మధ్వనులతోఁబాటు గదిలోని ప్రతిధ్వనిని, పంకా రొదనుగూడ గ్రహించును. కావున నిశ్శబ్దమగు గది లేనివారికి, నోటికి దగ్గఱగా నుంచఁదగిన డైనమిక్ మైక్రోఫోనే యుక్తము. జానెఁడు దూరమునఁ గొంచెము ప్రక్కకుఁ ద్రిప్పి యుంచినచో నోష్ఠ్యస్పర్శముల వాయువు పొరను సూటిగాఁ దాఁకదు. ధ్వనిశిఖరము గరిష్ఠమునకు సుమారు 12 డెసిబెలులు తక్కువగా నుండుట క్షేమము; మితిమీఱి శిఖరము తెగిన తరంగము మరల యథాస్థితికి రాదు.

అల్పప్రాణ మహాప్రాణ భేదమును, వేదస్వరమును స్పష్టముగా నుచ్చరించు వృద్ధుని కంఠము రెండవమాఱు లభింపకపోవచ్చును. కావున నీ జాగ్రత్త యంత్రవిషయము మాత్రమే కాదు, భాషారక్షణముగూడ.