ఇరుసు నుండి పిన్ను దాకా

1960 ఏప్రిల్ 1న మన తిరుత్తణి చిత్తూరు జిల్లాను విడిచి మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆ ఏడే అమెరికాలో మెల్రో సంస్థ నాలుగు చక్రాల స్కిడ్ స్టీర్ లోడరును తెచ్చింది. దానికి మూలం, 1957లో కెల్లర్ సోదరులు టర్కీ కోళ్ళ కొట్టం శుభ్రం చేయడానికి కట్టిన మూడు చక్రాల బండి.

యంత్రం కొత్తదైనా సూత్రం మన ఎద్దుబండిదే. కందెన లేని ఇరుసు అరిగినట్టే, గ్రీజు అందని లోడరు కీలులో పిన్నూ బుష్షూ అరుగుతాయి. తాను అరిగి లోడరు చేతిని కాపాడడమే బుష్షు పని. కీలు వదులై ఆడుతున్నదంటే పిన్నునూ బుష్షునూ చూసి, అరిగినవి రెండూ కలిపి మార్చాలి. ఆలస్యమైతే చేతిలోని రంధ్రమే కోడిగుడ్డు ఆకారంలో సాగిపోతుంది. అప్పుడు వెల్డింగుతో నింపి, మళ్ళీ బోరింగు చేయించాలి. అన్నాళ్ళూ బండి నిలిచిపోతే అద్దెకు తిప్పేవారి బతుకుతెరువూ నిలిచినట్టే.

రాష్ట్రం మారింది, బండి మారింది. కందెన అవసరం మాత్రం మారలేదు.