నార్వే మట్టి, అరిజోనా గుండె

స్విట్జర్లాండులోని సాండోజ్ మందుల కంపెనీలో ఒక ముచ్చటైన ఆనవాయితీ ఉండేది. ఉద్యోగులు సెలవులకు ఏ దేశం వెళ్లినా అక్కడి మట్టి కాస్త సంచిలో పోసి తేవాలి. పనికొచ్చే సూక్ష్మజీవి ఏ మట్టిలో ఉందో ఎవరికెరుక! 1969లో అలా నార్వేలోని హార్డాంగర్‌విడ్డా పీఠభూమి నుంచి వచ్చిన మట్టిలో ఒక బూజు దొరికింది. దాన్నుంచి తీసిందే సైక్లోస్పోరిన్. బూజుల్ని చంపే మందుగా అది అంతంత మాత్రమే. ఒంట్లో పెట్టిన పరాయి అవయవం మీద తిరగబడే రోగనిరోధక శక్తిని మాత్రం భేషుగ్గా అణుస్తుందని 1972లో తేలింది. మందుల కంపెనీలు ఈ మట్టి వేటను తర్వాత దాదాపు మానుకున్నాయి. నాకది పెద్ద నష్టమనే అనిపిస్తుంది.

సైక్లోస్పోరిన్ నీళ్లలో కరగదు. కేంబ్రిడ్జిలో ఎలకలకు గుండెలు మారుస్తున్న గ్రీకు డాక్టరు ఆల్కిస్ కోస్టాకిస్ దాన్ని ఆలివ్ నూనెలో కలిపి ఎక్కించాడు. ఆ నూనె వాళ్లమ్మ పంపిందని చెప్పుకుంటారు. పరాయి దేశంలో ఉన్న కొడుక్కి అమ్మలు పంపేవి అలాంటివే కాబట్టి నాకు నమ్మబుద్ధవుతుంది.

ఊపిరితిత్తుల మార్పిడిలో అంతకుముందు జరిగినవన్నీ చేదు అనుభవాలే. 1963 జూన్ 11న మిసిసిపీలోని జాక్సన్‌లో జేమ్స్ హార్డీ మొదటిసారి మనిషికి ఊపిరితిత్తి మార్చాడు. రోగి యావజ్జీవ ఖైదీ, 18 రోజులు బతికాడు. ఆ అర్ధరాత్రే పౌరహక్కుల నాయకుడు మెడ్గర్ ఎవర్స్‌ను తూటా గాయంతో అదే ఆస్పత్రికి తెచ్చారు. ఆయనా దక్కలేదు. తర్వాతి పదిహేనేళ్లలో చేసిన మార్పిళ్లలో ఎక్కువకాలం బతికిన రోగి పది నెలలు ఉన్నాడు. అప్పట్లో దండిగా ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల శ్వాసనాళం కుట్టు మానేది కాదు.

ఇక నా అభిమాన ఘట్టం. మేరీ గోల్కీది అరిజోనాలోని మెసా, పత్రికలో ప్రకటనల విభాగంలో ఉద్యోగం. 45 ఏళ్లు. జబ్బు పల్మనరీ హైపర్‌టెన్షన్. అంటే చేతికి పట్టీ చుట్టి చూసే బీపీ కాదు. ఊపిరితిత్తులకు రక్తం తీసుకెళ్లే ధమనులు సన్నబడి, వాటిలో ఒత్తిడి పెరిగిపోతుంది. మామూలుగా అక్కడి సగటు ఒత్తిడి 14 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అది పెరిగేకొద్దీ రక్తాన్ని నెట్టలేక గుండె కుడి గది ఉబ్బి చతికిలబడుతుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. ఆనాడు దీనికి సరైన మందే లేదు.

స్టాన్‌ఫర్డ్‌లో నార్మన్ షమ్‌వే దగ్గర పనిచేసే బ్రూస్ రైట్జ్ అప్పటికే కోతులకు గుండె, ఊపిరితిత్తులు కలిపి మార్చి చూశాడు. సైక్లోస్పోరిన్ పుణ్యమా అని అవి బతికి బట్టకట్టాయి. మనిషికి చేసే ఇలాంటి ఆపరేషన్‌లో ఈ మందు వాడటానికి మాత్రం ప్రభుత్వ అనుమతి రాలేదు. మేరీ ఊరుకునే మనిషి కాదు. తన పత్రికకు ఫోన్ కొట్టింది. వాళ్లు సెనేటర్‌ను పట్టుకున్నారు, ఫైలు కదిలింది. 1981 మార్చి 9న ఆపరేషన్ జరిగింది. మేరీ మరో ఐదేళ్లు బతికి, తన కథను పుస్తకంగానూ తెచ్చింది.

ఊపిరితిత్తుల జబ్బుకు గుండె ఎందుకు మార్చినట్టు? కుడి గది ఇక కోలుకోదని భయం. పైగా మూడూ ఒకే ముద్దగా పెడితే శ్వాసనాళానికి ఒక్క కుట్టు చాలు. ఈలోగా 1983లో టొరంటోలో జోయెల్ కూపర్ ఒక్క ఊపిరితిత్తి మార్చి గెలిచాడు. కడుపులోని కొవ్వు పొరను పైకి లాగి కుట్టు చుట్టూ కప్పడం ఆయన కిటుకు. ధైర్యం చిక్కాక పల్మనరీ హైపర్‌టెన్షన్ రోగులకూ ఊపిరితిత్తులే మార్చి చూశారు. ఒత్తిడి దిగగానే ఉబ్బిన కుడి గది మెల్లగా మామూలు సైజుకు వచ్చేసింది! అంటే అన్నాళ్లూ ఎందరి ఛాతీలోంచో బాగుపడగల గుండెల్ని తీసేశారన్నమాట. దాత గుండె మరొకరికి అందేదే కదా అని మనసు చివుక్కుమంటుంది. కానీ చేసి చూడనిదే తెలిసే సంగతి కాదు.

1995లో అమెరికాలో ఈ జబ్బు మందు ఎపోప్రోస్టెనాల్‌కు అనుమతి వచ్చింది. నిమిషాల్లో విరిగిపోయే మందు కాబట్టి పంపుతో రాత్రింబవళ్లు ఎక్కిస్తూనే ఉండాలి. దాంతో, ఆ తర్వాత వచ్చిన మాత్రలతో చాలామందికి మార్పిడి అవసరం వాయిదా పడింది. మందులకు లొంగనివాళ్లకు ఇప్పుడు సాధారణంగా రెండు ఊపిరితిత్తులూ మారుస్తారు. ఎక్కువగా పుట్టుకతో గుండెలో సరిచేయలేని లోపం ఉన్నవాళ్లకే గుండెనూ కలిపి మార్చడం.